కాటన్ దొర జీవితం – మా బడి తోటలో ఆనకట్ట

ఈ నెల గోడ పత్రికలో గొప్పవాళ్ళ జీవితం రాసే వంతు మా తొమ్మిదో తరగతికి వచ్చింది. ఎప్పుడూ గాంధీ గారి గురించి, నెహ్రూ గారి గురించి రాస్తారు. నేను కాటన్ దొర గురించి రాస్తున్నాను. ఎందుకంటే ఆయన పాఠం మేము చదివి ఊరుకోలేదు. మా సోషల్ సారు, సైన్స్ మేడం కలిసి బడి తోటలో మాతో చేయించారు. చేసేటప్పుడు మాకు మాకు కొట్లాట కూడా అయింది. అది చివరలో చెప్తాను.

సర్ ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. వాళ్ళు పదకొండు మంది అన్నదమ్ములు. ఈయన పదోవాడు. పదిహేనేళ్ళకే సైనిక బడిలో చేరి ఇంజనీరు పని నేర్చుకున్నాడు. 1821లో మద్రాసు వచ్చాడు. అప్పుడు మన దేశం ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేది.

మొదట ఆయన తమిళ దేశంలో కావేరి నది దగ్గర పని చేశాడు. అక్కడ కల్లణై అనే పాత ఆనకట్ట ఉంది. చోళ రాజుల కాలంలో కట్టారు. నది అడుగంతా ఇసుకే. ఇసుక మీద గోడ కడితే నిలవదు కదా. మరి వందల ఏళ్ళు అది ఎట్లా నిలిచిందని కాటన్ పట్టి పట్టి చూశాడు. పెద్ద పెద్ద రాళ్ళు నీళ్ళలో వేస్తే అవి ఇసుకలో దిగిపోతాయి. వాటి మీద మళ్ళీ రాళ్ళు వేయాలి. దిగీ దిగీ ఒక చోట గట్టిగా నిలబడతాయి. దాని మీద కట్టుకోవచ్చు. ఈ సంగతి ఇక్కడి పూర్వీకుల దగ్గరే నేర్చుకున్నానని ఆయన తర్వాత ఒప్పుకున్నాడు. ఆ పద్ధతితో 1836లో కావేరి పాయ కొల్లిడం మీద ఆనకట్టలు కట్టించాడు.

ఇది చదివినప్పుడు మాకు నమ్మకం కలగలేదు. సారు మమ్మల్ని బడి వెనక వాగుకి తీసుకుపోయారు. పారే నీళ్ళలో ఇసుక మీద పిడికెడంత రాయి పెట్టాము. కాసేపటికి రాయి ముందర ఇసుక కోసుకుపోయి, రాయి ముందుకు వంగి కిందికి దిగింది. దాని మీద ఇంకోటి పెట్టాము. అదీ దిగింది. తొమ్మిదో రాయికి కదలకుండా నిలిచింది. మా అయ్య వాగులో చేపలకి కట్ట వేసేటప్పుడు ఇట్లాగే రాయి మీద రాయి వేస్తాడు. అది కూడా చదువే అని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు గోదావరి సంగతి. మన భద్రాచలం దాటి, పాపికొండలు దాటి, రాజమండ్రి దగ్గర ధవళేశ్వరం పోయేసరికి గోదావరి కొండలు వదిలేసి పాయలుగా చీలుతుంది. ఇప్పుడు అక్కడ ఎటు చూసినా వరి చేలే. ఆ రోజుల్లో అట్లా లేదు. వరద వస్తే ఊళ్ళు మునిగేవి. వాన పడకపోతే పంట ఎండేది. పక్కనే అంత నది పారుతుంటే జనం ఆకలితో చచ్చేవాళ్ళు. 1832–33 నందన నామ సంవత్సరం కరువులో గుంటూరు సీమలోనే లక్ష మందికి పైగా చనిపోయారు. 1839లో కోరంగి దగ్గర సముద్రం పొంగి ఊళ్ళను ఊడ్చుకుపోయింది.

కాటన్ డెల్టా అంతా తిరిగి చూశాడు. నది తెచ్చిన ఒండ్రు గట్టు పక్కనే ఎక్కువ పడుతుంది. అందుకని నది పక్క నేల ఎత్తుగా, దూరం పోయేకొద్దీ పల్లంగా ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర నీటిని కొంచెం ఎత్తు లేపితే చాలు, కాలువల్లో దానంతట అదే పారుతుందని లెక్క వేశాడు. కంపెనీ వాళ్ళకి రిపోర్టు రాశాడు. వాళ్ళు జాలిపడి ఒప్పుకోలేదు. పంట పండితే శిస్తు పెరుగుతుందని లెక్క చూసుకుని ఒప్పుకున్నారు. అడిగినంత మంది ఇంజనీర్లని కూడా ఇయ్యలేదు.

1847లో పని మొదలైంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యలో లంకలు కలుపుకుంటూ కట్టారు. మొత్తం పొడవు సుమారు మూడున్నర కిలోమీటర్లు. ఎత్తు సుమారు 12 అడుగులే. వరద వస్తే దాని మీద నుంచే దాటిపోయేది. రాయి పక్క కొండ నుంచే తెచ్చారు. వేలమంది కూలీలు పని చేశారు. వాళ్ళ పేర్లు పుస్తకంలో లేవు. కూలీలని కూడగట్టి పని చేయించిన తెలుగాయన వీణెం వీరన్న పేరు మాత్రం ఉంది. మధ్యలో వరదకి కట్ట కొంత తెగింది. కాటన్ దొరకి జబ్బు చేసి సెలవు మీద ఆస్ట్రేలియా పోవలసి వచ్చింది. కోలుకుని మళ్ళీ వచ్చాడు. 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువలు పారాయి. కరువు సీమ అన్నం గిన్నె అయింది. ఇప్పుడు ఆ కాలువల కింద సుమారు పది లక్షల ఎకరాలు సాగవుతుంది. పాత ఆనకట్ట బదులు 1970లో కొత్త బ్యారేజీ మొదలుపెట్టి 1982లో పూర్తి చేశారు. దానికి కూడా కాటన్ పేరే పెట్టారు. ఆ ఊళ్ళలో ఆయన విగ్రహాలు ఉన్నాయి.

మన దగ్గర కూడా ఆయన ఆలోచన ఒకటి ఉంది. దుమ్ముగూడెం ఆనకట్ట! గోదావరిలో పడవలు పైదాకా పోవాలని, పత్తి, టేకు దించుకోవాలని ఆయన పథకం వేశాడు. హేగ్ అనే ఇంజనీరు ఆ పని చూశాడు. పడవలు దాటడానికి పక్కన కాలువ, లాకులు కట్టారు. ఖర్చు ఎక్కువవుతుందని 1871లో పథకం ఆపేశారు. ఆ కట్ట ఇప్పటికీ ఉంది. అది పడవల కోసం కట్టిందే గాని మన చేల కోసం కాదు.

1860లో కాటన్ మన దేశం విడిచిపోయాడు. 1861లో సర్ బిరుదు ఇచ్చారు. రైళ్ళ కంటే కాలువలే కరువుని ఆపుతాయని పోట్లాడాడు. 1878లో వాళ్ళ పార్లమెంటు కమిటీ ఆయన్ని పిలిచి ప్రశ్నలు అడిగింది. ముసలితనంలో డోర్కింగ్ అనే ఊళ్ళో ఉండి, తోటలో నేలని లోతుగా తవ్వి గోధుమ వేసి చూసేవాడు. అంత పెద్ద ఆనకట్ట కట్టినాయన మళ్ళీ చిన్న మడి దగ్గర కూర్చున్నాడు! 1899 జూలై 24న, 96 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

మేడం ఆ పని కూడా చేయించారు. రెండు మడుల్లో మొక్కజొన్న వేశాము. ఒకటి పైపైన గీకాము. ఇంకోటి గడ్డపారతో మూరెడు లోతు తవ్వాము. వారం వారం స్కేలు పెట్టి కొలిచి నోటు పుస్తకంలో రాశాము. వాన ఆగిన పదిరోజుల్లో పైపైన గీకిన మడిలో ఆకులు వడిలాయి. లోతు మడిలో నిలిచాయి. వేరు కిందికి పోతే తడి దొరుకుతుంది.

ఇక మా కొట్లాట. తోటలో బోరు నీళ్ళు వదిలి, చిన్న కాలువకి అడ్డంగా రాళ్ళు, మట్టితో జానెడు ఆనకట్ట కట్టాము. కింద నాలుగు మడులు, పైన ఒక మడి. పాలకూర, మెంతి, తోటకూర వేశాము. పై మడి మా గ్రూపుది. కింద మడులకి నీళ్ళు చక్కగా పారాయి. మా మడికి చుక్క రాలేదు, నీళ్ళు ఎత్తుకి ఎక్కవు కదా. తర్వాత కింద వాళ్ళు ఇంకా నీళ్ళు కావాలని మాకు చెప్పకుండా కట్టని మూరెడు లేపారు. పొద్దున లేచి చూస్తే మా మెంతి మొత్తం నీళ్ళలో ఉంది. మొదట ఎండింది, తర్వాత మునిగింది. నాకు ఏడుపు వచ్చింది. మాటా మాటా పెరిగింది.

సారు ఎవరినీ తిట్టలేదు. అందరినీ కట్ట చుట్టూ కూర్చోబెట్టి మీరే తేల్చుకోండి అన్నారు. గంట సేపు మాట్లాడుకున్నాం. కట్టని మళ్ళీ జానెడుకి దించారు. మా మడికి కొత్త విత్తనం కింద గ్రూపులు ఇచ్చాయి. పొద్దున పూట వాళ్ళే రెండు బకెట్లు మోసి మా మడి తడపాలి, ఆ తర్వాతే వాళ్ళ మడికి నీళ్ళు. ఇప్పుడు మా మెంతి కూడా వచ్చింది. మొన్న పప్పులో వేసి అందరం తిన్నాం.

అప్పటి నుంచి నాకు పెద్ద గోదావరి గురించి ఆలోచన వస్తుంది. పోలవరం దగ్గర పెద్ద ప్రాజెక్టు కడుతున్నారు. దాని కోసం 2014లో మన ఖమ్మం జిల్లా మండలాలని ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం, కుక్కునూరు, వేలేరుపాడు వైపు కోయ, కొండరెడ్డి ఊళ్ళు ఎన్నో మునకలో ఉన్నాయి. కింద పంటకి నీళ్ళు కావాలి, అది నిజం. హాస్టల్లో మేము తినేది కూడా బియ్యమే. కాని పై మడి వాళ్ళని కూడా కట్ట దగ్గర కూర్చోబెట్టి, ముందు అడగాలి గదా?

కాటన్ దొర గొప్పవాడు. ఇసుకని, రాయిని, పాత కట్టని చేతితో పట్టుకుని నేర్చుకున్నాడు. మనం కూడా నేర్చుకుందాం. కట్ట ఎంత ఎత్తు లేపాలో లెక్క కట్టేటప్పుడు పైన ఎవరి చేను ఉందో కూడా ఆ లెక్కలో రాసే ఇంజనీరు మన బడి నుంచి ఒకరైనా రావాలి.

మీరు కూడా చేసి చూడండి. ఎనిమిదో తరగతి వాళ్ళకి మా తోటలో ఒక మడి వదిలి పెట్టాము. గడ్డపార వంటగది వెనక ఉంది. కట్ట ముట్టుకునే ముందు మాత్రం పై మడి వాళ్ళని అడగండి.

– తొమ్మిదో తరగతి, బాలికల వసతి బడి