పెదాల మీద మాట: గ్రాహం బెల్ కథ

గ్రాహం బెల్ ఎవరు అంటే టెలిఫోన్ కనిపెట్టినాయన అని అందరం చెప్తాం. మా బ్యాచ్ ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు "గోలలో మాటని గుర్తుపట్టే కంప్యూటర్". దానికోసం చదువుతుంటే తెలిసింది, ఆయన అసలు వృత్తి బధిరులకు మాట నేర్పడం అని.

బెల్ 1847 మార్చి 3న స్కాట్లండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టారు. అమ్మ ఎలైజాకి వినికిడి బాగా తక్కువ. నాన్న మెల్విల్ బెల్ ఉచ్చారణ పాఠాలు చెప్పేవారు. ఏ శబ్దానికి నాలుక, పెదాలు, గొంతు ఎలా ఉంటాయో గుర్తులతో చూపించే లిపి ఒకటి తయారుచేశారు. పేరు విజిబుల్ స్పీచ్, అంటే కనిపించే మాట. ఇద్దరు కొడుకులు క్షయతో పోయాక, 1870లో ఆ కుటుంబం కెనడా వెళ్లిపోయింది. మరుసటి ఏడాది బెల్ బోస్టన్‌లోని బధిరుల బడిలో టీచర్లకు ఆ లిపి నేర్పడం మొదలుపెట్టారు.

1874లో ఆయన చేసిన ప్రయోగం వింటే ఒళ్లు జలదరిస్తుంది. చనిపోయిన మనిషి చెవి తీసుకుని, దానికి గడ్డిపరక అమర్చి, మసి పూసిన గాజు మీద మాట అలల్ని గీయించారు. అంత పల్చటి కర్ణభేరి ఎముకల్ని కదిలించడం చూశాకే టెలిఫోన్ ఆలోచన బలపడింది. 1876 మార్చి 7న పేటెంట్ వచ్చింది.

1877లో తన దగ్గర చదువుకున్న మేబుల్ హబ్బర్డ్‌ని పెళ్లి చేసుకున్నారు. ఐదేళ్లప్పుడు వచ్చిన జ్వరంతో ఆమె వినికిడి పోయింది. పెదాలు చూసే ఎదుటివాళ్ల మాట పట్టుకునేవారు. భర్త చేసిన ఫోన్ మాత్రం ఆమెకి ఎప్పటికీ మూగదే.

మేబుల్ చేసిన పనే మేం కంప్యూటర్‌తో చేయిస్తున్నాం. శామీర్‌పేట చెరువు దగ్గర రికార్డు చేస్తే మైకు ఒక్కటే సరిపోతుంది. మేడ్చల్ హైవే పక్కన, లారీల హారన్ల మధ్య, "మీరు" అన్నారో "నీరు" అన్నారో మైకుకి తేలదు. కెమెరాకి తేలుతుంది. "మ"కి పెదాలు మూసుకుంటాయి, "న"కి మూసుకోవు. అలాగని కెమెరా ఒక్కటే చాలదు. పాట, బాట, మాట: సౌండ్ తీసేసి చూడండి, మూడూ ఒకేలా ఉంటాయి. అక్కడ చెవి కావాలి, లేదా ముందూ వెనకా మాటల్ని బట్టి ఊహించాలి. మేబుల్ 1895లో పెదాలు చదవడం గురించి రాసిన వ్యాసంలో ఈ ఊహకే పెద్దపీట వేశారు. ఇప్పుడు మనం లాంగ్వేజ్ మోడల్ అంటున్నది దాన్నే కదా!

బెల్ జీవితంలో మింగుడుపడని భాగం కూడా ఉంది. బధిరులు నోటితోనే మాట్లాడాలని, బడుల్లో చేతి సైగల భాష ఉండకూడదని గట్టిగా వాదించారు. బధిరులు ఒకరినొకరు పెళ్లాడితే చెవిటి సంతతి పెరుగుతుందని 1883లో ఒక పత్రం సమర్పించారు. అమ్మ, భార్య ఇద్దరూ వినలేనివాళ్లే అయిన మనిషి ఇలా రాశారంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆ భాష దూరమై, పాఠం అర్థంకాక నష్టపోయిన పిల్లలు ఎందరో. బధిరుల్లో చాలామంది ఆయన్ని ఇప్పటికీ క్షమించలేదు.

1922 ఆగస్టు 2న కెనడాలో ఆయన కన్నుమూశారు. అంత్యక్రియలప్పుడు ఉత్తర అమెరికా ఫోన్లన్నీ ఒక నిమిషం మూగబోయాయి.

మా ప్రోగ్రామ్ వీడియోలో పెదాల చుట్టూ ఒక చిన్న చతురస్రం కత్తిరించుకుని, మిగతాదంతా పారేస్తుంది. చేతులు ఫ్రేమ్ బయటే ఉండిపోతాయి. బెల్ చేసిందీ సరిగ్గా ఇదే. జూనియర్లలో ఎవరైనా ఆ చేతుల్ని కూడా ఫ్రేమ్‌లోకి తెస్తామంటే చెప్పండి, మా కోడ్, వీడియోలు అన్నీ ఇచ్చేస్తాం.