ఆచార్య శిశిరకుమార మిత్ర

శిశిరకుమార మిత్రగారు 1890లో వంగదేశమున జన్మించిరి. తల్లి శరత్కుమారి వైద్యవిద్య నేర్చి భాగల్పూరు లేడీ డఫరిన్ ఆసుపత్రిలో ఉద్యోగము చేసిరి. ఆ దినములలో అది సామాన్య విషయము కాదు. మిత్రగారు 1912లో ప్రెసిడెన్సీ కళాశాలలో ఎం.ఎస్‌సి. ముగించి, కొంతకాలము మొఫసిలు కళాశాలలలో బోధించి, అశుతోష్ ముఖర్జీగారి పిలుపుపై కలకత్తా విశ్వవిద్యాలయమున చేరిరి.

1923లో ప్యారిస్‌లో ఫాబ్రీ పండితుని యొద్ద కాంతిశాస్త్రమున డాక్టరేటు పొందిరి. ఆ శాస్త్రమునే పట్టుకొని యుండినచో జీవితము సుఖముగా సాగెడిదే. కాని నాన్సీ నగరపు ప్రయోగశాలలో రేడియో వాల్వులను చూచిన పిదప వారి మనసు మరలెను. పరికరములైనను లేని స్వదేశమునకు వచ్చి, రేడియో తరంగములను ఆకాశమునకు పంపి, అయానావరణము నుండి మరలివచ్చు ప్రతిధ్వనులను కొలువ మొదలిడిరి.

సూర్యుడు నడినెత్తిన నుండు చోటనే ఎలక్ట్రానులు మిక్కిలిగా నుండవలెనని అందరి తలపు. 1946లో ఆపిల్టన్ ప్రకటించిన విషయము దానిని తలక్రిందులు చేసెను: అయస్కాంత మధ్యరేఖపై పల్లము, దాని కిరువైపుల సుమారు 15 డిగ్రీల దూరమున రెండు మిట్టలు! మధ్యరేఖపై మిక్కిలి యెత్తున పుట్టిన ఎలక్ట్రానులు అయస్కాంత రేఖల వెంబడి ఇరువైపులకు జారునని మిత్రగారు అదే యేట సూచించిరి. ఇది సగము సమాధానమే. పగటి విద్యుత్ క్షేత్రము ప్లాస్మాను పైకి లేపుననునది తరువాతివారు చేర్చిన మాట. అయినను జారుడుదారి కనుగొన్న కీర్తి వారిదే.

ఉత్తరపు మిట్ట కలకత్తా చెంతనే యున్నది. సూర్యాస్తమయానంతరము మధ్యరేఖపై పలుచని ప్లాస్మా బుడగలు లేచి, ఆ రేఖల వెంబడియే మిట్టల వరకు సాగును. అవి అడ్డువచ్చినపుడు ఉపగ్రహ సంకేతములు నక్షత్రములవలె మిణుకుమిణుకుమనును. బుడగలు పుట్టునది మధ్యరేఖపై. మిణుకు తీవ్రమగునది, ఎలక్ట్రానులు దట్టముగా నుండుటచేత, మిట్టలయొద్ద. ఈ రెంటి నడుమనున్నది మన వాల్తేరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు అయానావరణ పరిశోధనకు పేరొందుట తెలుగువారికి ముచ్చటయే.

1947లో ఏషియాటిక్ సొసైటీ ప్రచురించిన వారి ‘ది అప్పర్ అట్మాస్ఫియర్’ దేశదేశముల విద్యార్థులకు ఆధారగ్రంథమయ్యెను. 1958లో రాయల్ సొసైటీ సభ్యత్వము లభించెను. వారు 1963 ఆగస్టు 13న కన్నుమూసిరి. అయస్కాంత మధ్యరేఖ చెంతనున్న తుంబా నుండి తొలి రాకెట్టు ఎగిరినది అదే సంవత్సరము నవంబరు 21న.