పట్టు వదలని విద్యార్థి – డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు

ఈ వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయాలనుకున్నప్పుడు మేమంతా కలిసి ఎంచుకున్న పేరు డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారిది. ఆయన పేరును మనం బిట్ల కోసం చదివి, పరీక్ష కాగానే మర్చిపోతాం. కానీ ఆయన జీవితమంతా ఒక కడుపు జబ్బుతో ముడిపడి ఉంది. విరేచనాలతో పసిపిల్లలు పోవడం చూసిన పల్లెల నుంచి వచ్చిన మనకు ఆ కథ తెలియాలి.

సుబ్బారావు గారు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు పిల్లల్లో ఈయన నాలుగోవారు. ఇంట్లో డబ్బుకు ఎప్పుడూ కటకటే. రాజమండ్రిలో చదువుకున్నారు. మెట్రిక్ రెండుసార్లు తప్పారు. మూడోసారి మద్రాసు హిందూ హైస్కూల్ నుంచి గట్టెక్కారు. టెన్త్‌లో ఒక సబ్జెక్టు పోగానే పుస్తకాలు అటకెక్కించి పనికి పోదామనుకునే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ ముక్క రెండుసార్లు చదవాలి.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు చదువుకు సాయం చేశారు. గాంధీగారి పిలుపు విని సుబ్బారావు గారు ఖద్దరు కోటుతో ఆపరేషన్ గదిలోకి వెళ్లేవారు. అది తెల్లదొర ప్రొఫెసర్‌కు నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్‌కు బదులు దానికన్నా తక్కువదైన ఎల్ఎంఎస్ మాత్రమే చేతికొచ్చింది. సర్కారు వైద్య ఉద్యోగం కూడా దొరకలేదు. ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

అప్పటికే ఆ ఇంటి మీద పెద్ద పిడుగు పడి ఉంది. ఆయన సోదరులు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. స్ప్రూ అంటే నెలల తరబడి విరేచనాలు అవుతూ, తిన్నది ఒంటబట్టక, రక్తం తగ్గి, మనిషి ఎండిపోయే జబ్బు. కొన్నాళ్లకు ఈయనకూ అదే జబ్బు సోకింది. లక్ష్మీపతి గారి వైద్యంతో బయటపడ్డారు. ఈ జబ్బుకు మందు ఉండాలి, అది కనిపెట్టాలి అనే పట్టుదల అప్పుడే ఆయనలో నాటుకుంది.

1920ల మొదట్లో, మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ఛారిటీస్ ఇచ్చిన సాయంతో అమెరికా వెళ్లారు. బోస్టన్‌లో హార్వర్డ్‌లో చదువు, పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం. సైరస్ ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనిపెట్టారు. అది 1925లో అచ్చయింది. ఆ దారిలోనే కండరాలకు శక్తినిచ్చే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏటీపీని గుర్తించారు. అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా విడిగా ఏటీపీని కనుగొన్నారు. ఇంత చేసినా హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం రాలేదు.

1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ లేబొరేటరీస్‌లో చేరారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందైంది. 1948లో అదే సంస్థలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను బయటపెట్టారు. టెట్రాసైక్లిన్ మందుల్లో అది మొదటిది. నేటికీ ఉష్ణదేశాల స్ప్రూకు డాక్టర్లు రాసేవి ఈ రెండు రకాల మందులే: ఫోలిక్ యాసిడ్, టెట్రాసైక్లిన్. సోదరులను తీసుకుపోయిన జబ్బుకు రెండు మందులూ ఆయన పనిచేసిన చోటి నుంచే వచ్చాయి. మన కోస్తా వాళ్లకు బాగా తెలిసిన బోదకాలు మాత్ర డీఈసీ, క్యాన్సర్‌కు వాడే మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం పనే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. భార్య శేషగిరి గారిని విడిచి వెళ్లాక మళ్లీ స్వదేశానికి రాలేదు. ఈ త్యాగంలో ఆమె వాటాను ఎవరూ లెక్కగట్టలేదు. మేమైనా ఇక్కడ రాస్తున్నాం. 1995లో మన దేశం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది.

అయితే ఒక విషయం స్పష్టంగా చెప్పాలి. పసిపిల్లలకు ఉన్నట్టుండి వచ్చే నీళ్ల విరేచనాలు స్ప్రూ కావు. అక్కడ ప్రాణం తీసేది ఒంట్లో నీరు, ఉప్పు తగ్గిపోవడం. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బంగావ్ శిబిరంలో కలరా విజృంభించి సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. నూటికి ముప్పై మంది దాకా పోతున్న చోట మరణాలు నాలుగు లోపుకు దిగాయి. పేగులో గ్లూకోజు తనతోపాటు ఉప్పునూ నీటినీ లోపలికి లాక్కుపోతుంది. కిటుకు అంతే. 1978లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ప్రపంచమంతటికీ తీసుకెళ్లే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పట్లో ఏటా 40 లక్షలకు పైగా పిల్లలు ఈ జబ్బుతో పోయేవారు. ఇప్పుడు ఆ లెక్క 5 లక్షల లోపు. 2016లో రోటావైరస్ టీకా మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ టీకా తయారైంది హైదరాబాదులో.

మిగిలిన 5 లక్షల్లో ఎక్కువమంది మనలాంటి ఇళ్ల పిల్లలే. మన నగరం, రేపల్లె వైపు కృష్ణా కాలువల చివరి ఊళ్లు. పైనుంచి ఎన్నో ఊళ్లు దాటి వచ్చిన నీళ్లే మన చెరువుల్లోకి చేరతాయి. అందుకే సెలవులకు ఇంటికి వెళ్లిన ప్రతి ఒక్కరూ ఈ మాటలు అమ్మకు, అక్కకు చెప్పాలి. బిడ్డకు విరేచనాలైతే నీళ్లు మాన్పించకూడదు, చనుబాలు మాన్పించకూడదు. ఓఆర్ఎస్ ప్యాకెట్ మొత్తాన్ని లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలిపి కొంచెం కొంచెంగా తాగించాలి. ప్యాకెట్ లేకపోతే లీటరు నీళ్లకు ఆరు తలగొట్టిన టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు. డాక్టరు చెప్పినన్ని రోజులు జింక్ మాత్ర వేయాలి. బిడ్డ మగతగా ఉన్నా, కళ్లు లోతుకు పోయినా, విరేచనంలో రక్తం పడినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఈ హాస్టల్లో చదివి నర్సులుగా, టీచర్లుగా, ఉద్యోగులుగా స్థిరపడిన అన్నలకు, అక్కలకు మా మనవి ఒక్కటే. ఒక ఛారిటీ ఇచ్చిన సాయంతో మెట్రిక్ తప్పిన ఒక కుర్రవాడు అంత దూరం వెళ్లాడు. మన హాస్టల్లో పరీక్ష తప్పి తలదించుకు కూర్చున్న తమ్ముడు ఎవరైనా ఉంటే, ఈసారి వచ్చినప్పుడు అతని పక్కన కాసేపు కూర్చోండి.