చివరి చుక్క దగ్గర తొందరపడని గే-లుసాక్

చందనవెల్లి, చేవెళ్ల వైపు నుంచి కెమిస్ట్రీ డిగ్రీతో క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్ ఉద్యోగం వెతుక్కుంటున్నారా? అయితే ఏదో ఒకరోజు ఆటో టైట్రేటర్ ముందు నిలబడతారు. ముందుగా ఎంత ద్రావణం పోయాలి, తర్వాత ఒక్కో డోస్ ఎంత, డోస్‌కీ డోస్‌కీ మధ్య ఎంతసేపు ఆగాలి? ఇవన్నీ సెట్ చేయాల్సింది మీరే. ఈ మూడింటికీ కరెంటు లేని రోజుల్లోనే జవాబు చెప్పినాయన మీకు ఇంటర్‌లోనే పరిచయం. వాయువుల చాప్టర్‌లో చదివిన గే-లుసాక్.

1778లో ఫ్రాన్స్‌లోని ఓ చిన్న ఊళ్లో పుట్టారు. విప్లవం రోజుల్లో తండ్రి అరెస్టయ్యారు. అయినా చదువు వదల్లేదు. 1797లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో సీటు కొట్టారు. 1804లో బెలూన్‌లో ఒంటరిగా 7,000 మీటర్ల ఎత్తుకు వెళ్లి, అక్కడి గాలిని సీసాలో పట్టుకొచ్చారు. 1808లో పొటాషియం పేలి కళ్లకు గాయమైంది. కోలుకుని మళ్లీ ల్యాబ్‌కే వెళ్లారు. బ్యూరెట్, పిపెట్ అన్న పేర్లు వాడుకలోకి వచ్చింది 1824లో ఆయన రాసిన వ్యాసంతోనే.

1829లో ప్రభుత్వ నాణేల టంకశాలలో వెండి పరీక్షల బాధ్యత ఆయనకు దక్కింది. అప్పటిదాకా వెండిని కొలిమిలో కరిగించి పరీక్షించేవారు. ఆ వేడికి కొంత వెండి పోయి, లెక్క అసలుకన్నా తక్కువ వచ్చేది. అంటే ఖజానాకు నష్టం. 1832లో ఆయన ఉప్పునీటి పద్ధతి ప్రకటించారు.

ఎలాగంటే, గ్రాముకు కాస్త ఎక్కువ వెండి ఉండేలా నమూనా తూచి, నైట్రిక్ ఆమ్లంలో కరిగిస్తారు. సరిగ్గా గ్రాము వెండికి సరిపోయే 100 మిల్లీలీటర్ల ఉప్పునీరు ఒకేసారి పోస్తారు. ఇదే మీ మెషీన్‌లో ప్రీడోస్. సీసాను బాగా కుదిపి, తెల్లటి అవక్షేపం కిందికి దిగేదాకా ఆగుతారు. ఇది వెయిటింగ్ టైమ్. తర్వాత పదోవంతు గాఢత ఉన్న ఉప్పునీరు మిల్లీలీటరు చొప్పున పోస్తారు. ఇది ఇంక్రిమెంట్. ఒక్కో మిల్లీలీటరు ఒక్కో మిల్లీగ్రాము వెండికి లెక్క. పోసినా మబ్బు కమ్మకపోతే పని అయిపోయినట్టే.

గమనించారా? దూరంలో ఉన్నప్పుడు వేగం, గమ్యం దగ్గర నిదానం. చివర్లోనూ అదే స్పీడుతో పోశారనుకోండి, ఎలక్ట్రోడ్ మార్పును పట్టుకునేలోపే ద్రావణం ఎక్కువ పడిపోతుంది. అప్పుడు మందులో లేని బలం రిపోర్టులో కనిపిస్తుంది. ఆ రిపోర్టు నమ్మి బ్యాచ్ బయటికి వెళ్తే నష్టపోయేది రోగి.

గే-లుసాక్ 1850లో చనిపోయారు. మీ మెషీన్ చుక్కల్ని ఆయనకన్నా చిన్నగా పోయగలదు. కానీ ఎక్కడ ఆగాలో దానికి చెప్పాల్సింది మీరే. టైమ్ మిగుల్తుంది కదా అని వెయిటింగ్ టైమ్ తగ్గించే ముందు, కుదిపిన సీసా తేటపడేదాకా ఎదురుచూసిన ఆయన్ని ఒక్కసారి తలుచుకోండి.