గోస్తనీ నుంచి తాండవ దాకా

అల్లూరి సీతారామరాజు గారి సాహసాలు మనందరికీ చిన్నప్పటి నుంచి తెలిసినవే. అందుకని ఈ సంచికలో మేము ఆయన జీవితాన్ని మన నదుల వెంట నడుస్తూ చెప్పదలచుకున్నాము. చదివేటప్పుడు పక్కన మ్యాపు పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది.

అరకు, పాడేరు, చింతపల్లి కొండల మీద పడిన వాన రెండు దారులు పడుతుంది. తూర్పు వాలు నీరు గోస్తనీ, శారద, వరాహ, తాండవ నదులుగా దిగి కొద్ది దూరంలోనే బంగాళాఖాతంలో కలుస్తుంది. పడమటి వాలు నీటిది చాలా పెద్ద ప్రయాణం. పాడేరు వైపు మత్స్యగెడ్డగా మొదలై, మాచ్‌ఖండ్ అయి, డుడుమ దగ్గర జలపాతంగా దూకి, దిగువన సీలేరు అనే పేరుతో శబరిలో చేరుతుంది. శబరి కూనవరం వద్ద గోదావరిలో కలుస్తుంది. 1955 నుంచి మాచ్‌ఖండ్ కరెంటు ఇస్తున్నది ఈ నీళ్ళే.

రాజు గారు 1897 జూలై 4న పాండ్రంగి గ్రామంలో జన్మించారు. ఆ ఊరి పక్కన పారేది గోస్తనీ. అది పుట్టేది మన అనంతగిరి కొండల్లో. మనం విహారయాత్రకు వెళ్ళే బొర్రా గుహలను సున్నపురాతిలో తొలిచింది ఆ నీరే. తరువాత తాటిపూడి, పాండ్రంగి దాటి భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది.

తండ్రి వెంకటరామరాజు గారు గోదావరి ఒడ్డున రాజమండ్రిలో ఫోటోగ్రాఫరు. 1908లో ఆయన చనిపోవడంతో కుటుంబం చెదిరింది. కాకినాడ, తుని, నరసాపురం అంటూ ఎన్నో బడులు మారినా చదువు పూర్తి కాలేదు. బంధువుల ఇళ్ళలో ఉండి చదువుకోవడం ఎలా ఉంటుందో మన హాస్టలు పిల్లలకు ఎవరూ చెప్పనక్కరలేదు.

1916లో ఉత్తరాది యాత్రలు చేసి, 1917లో కృష్ణదేవిపేట చేరారు. ఇక్కడే మ్యాపు చూడాలి. తల్లి సూర్యనారాయణమ్మ గారు ఉన్న తుని తాండవ నదికి దిగువన ఉంది. కృష్ణదేవిపేట అదే నదికి ఎగువన, కొండల మొదట్లో ఉంది. అక్కడ ఆయన మందులిచ్చారు, తగవులు తీర్చారు, తాగుడు మాన్పించారు.

అప్పటికి మన పెద్దల బతుకు ఘోరంగా ఉండేది. 1882 అడవి చట్టం తరువాత పోడు కొట్టుకోవడమే నేరమైంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేసే రోడ్డు పనిలో గూడెం డిప్యూటీ తహశీల్దారు బాస్టియన్ సరైన కూలి ఇవ్వకుండా చాకిరీ చేయించాడు. తిరుగుబాటుకు నిప్పు అక్కడే రాజుకుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద దాడి చేసి 26 తుపాకులు పట్టుకెళ్ళారు. ఆగస్టు అంటే గెడ్డలు పొంగే కాలం. ఏ గెడ్డను ఎక్కడ దాటవచ్చో కొండవాళ్ళకు తెలిసినట్లు మైదానం నుంచి వచ్చిన పోలీసుకు తెలియదు. ఆ పోరాటంలో ఇది తుపాకీ అంత పెద్ద బలం అని మా అభిప్రాయం. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటీలో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు హతమయ్యారు. గాం గంటం దొర, గాం మల్లు దొర వంటి గిరిజన వీరులు లేకపోతే ఈ కథే లేదు. మల్లు దొర గారు జైలు నుంచి బతికి వచ్చి 1952లో లోక్‌సభకు ఎన్నికయ్యారు. ఆయన పేరు మనలో ఎందరికి తెలుసు?

మలబారు పోలీసులు చాలక 1924లో అస్సాం రైఫిల్స్‌ను దించారు. ఆ ఏడాది మే 7న, ఎండలకు గెడ్డలు సన్నబడే రోజుల్లో, రాజు గారు మంప దగ్గర పట్టుబడ్డారు. అప్పుడాయన స్నానం చేస్తున్నారని ఈ ప్రాంత పెద్దలు చెబుతారు. ఆయనను విచారణ లేకుండా కొయ్యూరులో కాల్చి చంపారు. ఇరవై ఏడేళ్ళు కూడా నిండలేదు. తాండవ ఒడ్డున కృష్ణదేవిపేటలో దహనం చేశారు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఆయన పేరుతో జిల్లా ఏర్పడింది. పాండ్రంగి విశాఖ జిల్లాలో, సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో ఉండిపోయాయి. సెలవులకు నర్సీపట్నం నుంచి కొయ్యూరు వైపు ఇళ్ళకు వెళ్ళే తమ్ముళ్ళు దారిలో దిగి సమాధి చూసి వెళ్ళవచ్చు.