ఓడ పైభాగమున ఆరాధన, దిగువ భాగమున మూలుగు

(జాన్ న్యూటన్ జీవితమునుండి ఒక ధ్యానము)

చదువవలసిన లేఖన భాగములు: యెషయా 1:10–17, ఆమోసు 5:21–24, మత్తయి 5:23–24, హెబ్రీయులకు 13:15–16.



మన ఆరాధన దేవునికి అంగీకారమైనదో కాదో మనకెట్లు తెలియును? ఈ ప్రశ్న మన గ్రామ సంఘములలో అప్పుడప్పుడు లేచుచునే యున్నది. పాత కీర్తనలే పాడవలెనని కొందరు, క్రొత్త పాటలు కూడ పాడవచ్చునని కొందరు అందురు. డోలక్ వాయించుట తగునా తగదా అని తర్కించువారు కలరు. ప్రార్థన పుస్తకములో చూచి చదువవలెనా, స్వంత మాటలతో చేయవలెనా అని వాదించువారును కలరు. ఇవి ఆలోచింపదగిన సంగతులే. అయితే యెషయాయు ఆమోసును ఈ ప్రశ్నకు ఉత్తరమిచ్చినప్పుడు, ప్రార్థించుటకు చాచిన చేతులు అంతకుముందు ఏమి చేసినవో దానిని చూచిరి. పాట చక్కగా నున్నను, పండుగ క్రమముగా జరిగినను, పొరుగువానికి అన్యాయము జరుగుచుండగా దేవుడు ఆ పాటను వినడని వారు ప్రకటించిరి.

ఈ సత్యమును ఒక దైవజనుని జీవితములో చూతము. అతడు ఇంగ్లాండు దేశస్థుడు. కృపను గూర్చి అతడు వ్రాసిన కీర్తన నేడు లోకమంతట పాడబడుచున్నది. అతని పేరు జాన్ న్యూటన్.

న్యూటన్ 1725వ సంవత్సరము జూలై 24వ తేదీన లండను పట్టణములో జన్మించెను. తండ్రి వర్తకపు ఓడలకు నాయకుడు. తల్లి ఎలిజబెత్తు భక్తిగల స్త్రీ. ఆమె తన యొక్కగానొక్క కుమారుని చెంత కూర్చుండబెట్టుకొని లేఖనములను, కీర్తనలను, ప్రశ్నోత్తరములను కంఠస్థము చేయించెను. వాడు దైవసేవకుడు కావలెనని ఆమె కోరిక. కాని వానికి ఏడేండ్లు నిండక మునుపే, 1732లో, ఆమె క్షయవ్యాధితో మరణించెను. పదకొండవ యేట బాలుడు తండ్రివెంట ఓడ నెక్కెను. అప్పటినుండి తల్లి నేర్పినదంతయు ఒక్కొక్కటిగా విడిచిపెట్టెను. యౌవనమునకు వచ్చునప్పటికి దేవుని దూషించుటలో తోటి నావికులను మించినవాడాయెను.

1744లో రాజుగారి నౌకాదళమువారు అతనిని బలవంతముగా పట్టుకొని యుద్ధనౌకలో పనికి పెట్టిరి. అతడు పారిపోగా పట్టి తెచ్చి, కొరడాలతో కొట్టి, అధికారమునుండి తగ్గించిరి. మరుసటి సంవత్సరము అతడు బానిసలను కొనుటకు ఆఫ్రికా పడమటి తీరమునకు పోవు ఓడలోనికి మార్చబడెను. అక్కడ దిగిపోయి ఒక బానిస వర్తకునియొద్ద కొలువు చేరెను. ఆ యింట అతనికి నీచమైన బ్రతుకు ప్రాప్తించెను. జ్వరముతో పడియున్నప్పుడు గ్రుక్కెడు నీళ్లు ఇచ్చు దిక్కు లేకపోయెను. కట్టుకొనుటకు బట్టలేదు, తినుటకు చాలినంత తిండి లేదు. ఆ దినములలో సంకెళ్లలోనున్న బానిసలు తమకు పెట్టిన కొద్దిపాటి ఆహారములోనుండి కొంత దాచి, ఎవరును చూడకుండ అతనికి పెట్టిరి. ప్రియులారా, ఈ సంగతి జ్ఞాపకముంచుకొనుడి. సంకెళ్లున్న చేతులు అతనికి అన్నము పెట్టెను.

తరువాత తండ్రి స్నేహితుని మూలముగా ఒక ఓడ వచ్చి అతనిని ఎక్కించుకొనెను. 1748 మార్చి 21వ తేదీన అట్లాంటిక్ మహాసముద్రములో గొప్ప తుఫాను లేచి ఓడ ప్రక్కను బ్రద్దలు చేసెను. అతనికి బదులుగా పైకి వెళ్లిన మనుష్యుడొకడు అలలపాలాయెను. న్యూటన్ గంటలకొలది నీళ్లు తోడుచు, తరువాత చుక్కాని పట్టి నిలిచియుండగా, ఎన్నో సంవత్సరములకు మొదటిసారి దేవుని కనికరమును తలంచెను. ఓడలో తేనెమైనమును, తేలికైన కలపయు ఉన్నందున అది మునుగలేదు. సుమారు నాలుగు వారముల తరువాత వారు ఐర్లాండు తీరము చేరిరి. ఆ మార్చి 21వ తేదీని అతడు బ్రదికినంత కాలము ప్రార్థనతోను కృతజ్ఞతతోను ఆచరించెను.

మనమైతే సాక్ష్యము ఇక్కడితో ముగించుదుము. దూషకుడు విశ్వాసియాయెను, దేవునికి స్తోత్రమని చెప్పి కూర్చుందుము. కాని న్యూటన్ చరిత్రలో మనకు మిక్కిలి అవసరమైన భాగము ఇక్కడనుండియే మొదలగును.

తుఫాను దాటిన ఆ సంవత్సరమే అతడు ఒక బానిసల ఓడలో ఉపనాయకుడుగా తిరిగి ఆఫ్రికాకు వెళ్లెను. 1750లో తాను ఎంతోకాలముగా ప్రేమించిన మేరీ కాట్లెట్ అను ఆమెను వివాహమాడెను. అదే సంవత్సరము మొదలుకొని 1754 వరకు మూడు ప్రయాణములలో తానే ఓడనాయకుడుగా నుండెను. ఆఫ్రికా తీరమున పురుషులను, స్త్రీలను, పిల్లలను కొని, సముద్రము దాటించి, వెస్టిండీసు దీవులలో అమ్ముటయే ఆ ఓడల పని.

ఆ ఓడమీద అతడు ఆరాధనను స్థాపించెను. ప్రతి ప్రభువు దినమున రెండు పర్యాయములు నావికులను పైభాగమున సమకూర్చి, సంఘ ప్రార్థన క్రమమును తానే చదివెను. ఏకాంత ప్రార్థన మానలేదు, లేఖన ధ్యానము మానలేదు. ఆ క్రమములో తప్పు పట్టుటకు ఏమియు లేదు. ప్రార్థన మంచిదే, చదివినవాడును వేషధారి కాడు, కన్నీటితో ప్రార్థించినవాడే.

అయితే అదే ఓడ దిగువ భాగమున ఏమున్నది? సుమారు ఐదడుగుల ఎత్తుగల ఆ చోటును మధ్యకు విభజించి, బల్లలమీద రెండు వరుసలుగా మనుష్యులను పరుండబెట్టిరి. పురుషులను ఇద్దరిద్దరిగా సంకెళ్లతో బంధించిరి. ఒకడు ప్రక్కకు తిరుగవలెనన్నను తోడివానిని నొప్పింపక తిరుగలేడు. గాలి లేదు, వెలుతురు లేదు. తిరుగుబాటు చేయుదురను అనుమానము కలిగినప్పుడు బొటనవ్రేళ్లను నొక్కు ఇనుప పనిముట్టుతో వారిని బాధించి నిజము చెప్పించిరి. ఈ సంగతి న్యూటన్ తన స్వహస్తముతో వ్రాసిన ఓడ దినచర్యలోనే యున్నది. ఇట్టి ఓడలలో కొనబడినవారిలో సగటున నాలుగవ వంతు మంది చనిపోవుదురని అతడే తరువాత అంచనా వేసెను.

పైన స్తోత్రము, క్రింద మూలుగు. ఆ రెంటి నడుమ కొన్ని పలకలే. ఏ శబ్దము దేవుని చెవులను చేరినదో యెషయా మొదటి అధ్యాయము చదివినవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మూడవ ప్రయాణములో ఒక్క ప్రాణమైనను నష్టము కాలేదు. 1754లో లివర్పూలు పట్టణమునకు తిరిగివచ్చి, అతడు దేవాలయములో బహిరంగముగా దేవునికి కృతజ్ఞతలు చెల్లించెను. ఊరివారు మెచ్చుకొనిరి. సముద్రమున చావక మిగిలినవారు ఏమైరని ఆ దేవాలయములో అడుగువారు లేకపోయిరి. భర్తనుండి భార్యయు, తల్లినుండి బిడ్డయు విడదీయబడి చెరకు తోటలకు అమ్మబడిరి. ఆ కృతజ్ఞతార్పణలో వారి కన్నీరు లెక్కకు రాలేదు.

అతనికి మనస్సులో నెమ్మది యుండెనా? ఆ పని చెరసాల కావలివాని పనివంటిదని అతనికి అసహ్యముగా నుండెను. ఇంతకంటె మెత్తని వృత్తి దయచేయుమని అతడు ప్రార్థించెను. కాని అది పాపమని అప్పుడు అతనికి తోచలేదు. దేశమంతయు చేయుచుండెను, చట్టము అనుమతించెను, పెద్దలు గౌరవించిరి. వాడుక మనుష్యుని కన్నులకు ఎట్టి పొరను కప్పునో చూడుడి! 1754 చివరను ప్రయాణమునకు సిద్ధపడుచుండగా అకస్మాత్తుగా మూర్ఛ వచ్చినందున, వైద్యుల సలహాపై అతడు ఓడ విడిచెను. మనస్సాక్షి విడిపించలేదు, వ్యాధి విడిపించెను.

తరువాత అతడు లివర్పూలు రేవులో ప్రభుత్వోద్యోగము చేయుచు, గ్రీకు హెబ్రీ భాషలు నేర్చుకొనెను. ఎన్నో ఆటంకముల తరువాత 1764లో గురుపట్టము పొంది ఓల్నీ అను చిన్న ఊరికి కాపరిగా వెళ్లెను. అచ్చటివారు లేసులు అల్లి పొట్టపోసుకొను పేదలు. అతడు వారి యిండ్లకు పోయెను, వారి పిల్లలకు బోధించెను, వారి ప్రార్థన కూటములకు క్రొత్త కీర్తనలు వ్రాసెను. అతడును కవియగు విలియం కూపర్‌ను కలిసి వ్రాసిన 348 కీర్తనలు 1779లో అచ్చుపడినవి. అమేజింగ్ గ్రేస్ అను కీర్తన 1773వ సంవత్సరాది ప్రసంగమునకై వ్రాయబడినది. ఆ దినపు వాక్యము మొదటి దినవృత్తాంతములు 17వ అధ్యాయములోని దావీదు ప్రార్థన.

1780లో లండను పట్టణములోని సెయింట్ మేరీ వుల్నోత్ సంఘమునకు కాపరియాయెను. 1785 డిసెంబరులో విల్బర్‌ఫోర్సు అను యువ పార్లమెంటు సభ్యుడు ఆత్మ విషయమై కలతచెంది అతనియొద్దకు వచ్చెను. రాజకీయములు విడువక, ఆ స్థానముననే దేవుని సేవింపవలెనని న్యూటన్ అతనికి బోధించెను. ఆ యువకుడు బానిస వ్యాపారమును మాన్పించుటకు నడుము కట్టెను.

అప్పుడు వృద్ధుడైన న్యూటన్ ఏమి చేసెను? ఏకాంతమున పశ్చాత్తాపపడి ఊరకుండెనా? లేదు. 1788లో ఆఫ్రికా బానిస వ్యాపారమును గూర్చి ఒక చిన్న పుస్తకము ప్రకటించెను. తాను చేసినదియు, చూచినదియు దాచక వ్రాసెను. తన ఒప్పుకోలు చాల ఆలస్యముగా వచ్చినదనియు, తాను కలిగించిన బాధను అది తీర్చజాలదనియు అందులోనే ఒప్పుకొనెను. 1790లో పార్లమెంటు సభా సంఘము ఎదుట సాక్ష్యమిచ్చెను. ఓడ విడిచిన తరువాత ఆ పుస్తకము వచ్చుటకు ముప్పదినాలుగేండ్లు పట్టెను. ఆ యేండ్లన్నియు అతడు ప్రార్థించుచు, పాడుచు, ప్రసంగించుచునే యుండెను. దేవుడు అతనిని త్రోసివేయలేదు. అయినను ఆ సంగతిని విడిచిపెట్టనులేదు.

బ్రిటిషువారి బానిస వ్యాపారమును నిషేధించు చట్టమునకు 1807 మార్చి 25వ తేదీన రాజామోదము లభించెను. ఆ సంవత్సరమే డిసెంబరు 21వ తేదీన న్యూటన్ తన 82వ యేట ప్రభువునందు నిద్రించెను.

ప్రియులారా, ఇందునుండి మనము ఏమి నేర్చుకొందుము? ఆరాధన క్రమము సరిగా నుండుట చాలదు. మనఃపూర్వకముగా చేయుట కూడ చాలదు. ఓడమీది న్యూటన్‌కు ఆ రెండును ఉండెను. హెబ్రీ పత్రిక పదుమూడవ అధ్యాయములో రెండు బలులు ప్రక్కప్రక్కన నున్నవి: క్రీస్తుద్వారా అర్పించు స్తుతి యొకటి, పొరుగువానికి చేయు ఉపకారము రెండవది. మొదటిది చేసి రెండవది మరచిన యెడల అది కుంటి గొర్రెను బలిపీఠమునకు తెచ్చినట్లగును. పాపము లేనివారి ఆరాధనయే అంగీకారమని దీని భావము కాదు. అట్లయిన మనలో ఎవడును గుడి గడప ఎక్కజాలడు. మనము క్రీస్తు యోగ్యతను బట్టియే సమీపించుచున్నాము. అయితే ఆయన చూపించిన తప్పును పట్టుకొనియుండి సమీపింపరాదు. బలిపీఠము నొద్ద సహోదరుడు జ్ఞాపకము వచ్చినయెడల, అర్పణము అక్కడనే విడిచి ముందుగా వానియొద్దకు వెళ్లవలెనని ప్రభువే ఆజ్ఞాపించెను.

మన దేశములో బానిసత్వమును చట్టము 1843లోనే గుర్తింప నిరాకరించెను. వెట్టిచాకిరి 1976వ సంవత్సరపు చట్టముచే రద్దాయెను. చట్టము మారినంత మాత్రమున మనస్సు మారదు. ఆదివారము ముందు వరుసలో కూర్చుండి పాడువాని పొలములో, కోతకు వచ్చిన కూలీలకు కూలి బాకీ యున్నదా? వెనుక చాపమీద కూర్చున్న విధవరాలి గట్టును మనము జరిపితిమా? అప్పు పేరిట ఒకని బిడ్డను బడి మాన్పించి మన పశువుల వెంట పంపుచున్నామా? ఒక పేటవారు త్రాగిన గిన్నెలో మరియొక పేటవారు ప్రభువు బల్లయొద్ద త్రాగుటకు సంకోచించుచున్నారా? ఇవన్నియు వాడుకయే, అందరును చేయుచున్నదే అందుమేమో. న్యూటన్ కాలపు లివర్పూలువారును అట్లే అనిరి.

ఈ మాసము కుటుంబ ప్రార్థనలో పైన చూపిన లేఖన భాగములను ఒక్కొక్క వారము ఒక్కొక్కటి చదువుడి. చదివిన తరువాత కొంతసేపు పాడక, మాటలాడక, మన యింటి దిగువ భాగమున ఎవరైన మూలుగుచున్నారేమో ఆలకింపుడి. వినబడిన యెడల, వచ్చు ఆదివారము గంట కొట్టకమునుపే ఆ మనుష్యుని గడపకు వెళ్లుడి. న్యూటన్ ముప్పదినాలుగేండ్లు ఆలస్యము చేసెను; మనము అంత కాలము ఆగనక్కరలేదు. అక్కడనుండి తిరిగివచ్చి పాడు కీర్తనకు శ్రుతి తప్పినను, తాళము తప్పినను, మన ప్రభువైన యేసుక్రీస్తునుబట్టి తండ్రి దానిని అంగీకరించును గాక. ఆమేన్.