మైదానంలో బంతి, బయట మట్టి పిడత: పల్వంకర్ బాలూ జీవితం

చోడవరంలో సెలవు రోజున బ్యాట్ పట్టే మన పిల్లల్ని పాతకాలపు గొప్ప క్రికెటర్ ఎవరని అడిగితే సి.కె.నాయుడు పేరు చెబుతారు. తెలుగువాడు కదా. నాయుడు కంటే ముందే ఇంగ్లీషు జట్లను తిప్పలు పెట్టిన పల్వంకర్ బాలూ పేరు మాత్రం అంతగా వినబడదు.

బాలూ 1876లో ధార్వాడలో చమార్ కుటుంబంలో పుట్టారు. మన మాదిగల్లాగే తోలు పని కులం. తండ్రికి సైన్యంలో కొలువు. పూనాలో అన్నదమ్ములు సైనికాధికారులు వదిలేసిన బ్యాట్లు, బంతులతో ఆట నేర్చుకున్నారు.

మొదటి ఉద్యోగం పార్శీల క్లబ్బులో, పిచ్ ఊడ్చే పని. నెలకు 3 రూపాయలు. తర్వాత తెల్లదొరల పూనా క్లబ్బులో 4 రూపాయలు. పిచ్ చదును చేయాలి, నెట్లు కట్టాలి, టెన్నిస్ కోర్టుకు గీతలు గీయాలి, దొరలు సాధన చేస్తుంటే బంతులు వేయాలి. ఆయన ఎడమచేతి స్పిన్ పదునెక్కింది అక్కడే. గ్రేగ్ అనే అధికారి తనను అవుట్ చేసిన ప్రతిసారీ అర్ధరూపాయి ఇచ్చేవాడని చెబుతారు. గంటలకొద్దీ బౌలింగ్ చేయించుకున్నారు గానీ బ్యాట్ మాత్రం చేతికివ్వలేదు. బ్యాటింగ్ దొరతనం, బౌలింగ్ కూలి. కామందు, పాలేరు లెక్క మనకు కొత్తదా?

పూనాలోని హిందూ జట్టుకు తెల్లవాళ్లను ఓడించాలని కోరిక. ఓడించాలంటే బాలూ కావాలి, బాలూతో ఆడితే మైల. పూనా బ్రాహ్మణ సభ్యులు వద్దన్నారు. జట్టులోని కొందరు తెలుగు సభ్యులు కావాలన్నారు. చివరికి తీసుకున్నారు. మైదానంలో ఆయన చేతిలోంచి వచ్చిన బంతిని అందరూ ముట్టుకున్నారు. టీ వేళకు మాత్రం మిగతావాళ్లు లోపల పింగాణీ కప్పుల్లో తాగితే, ఆయనకు బయట మట్టి పిడతలో పోశారు. భోజనం వేరే పళ్లెంలో, వేరే బల్ల మీద.

ప్లేగు రోజుల్లో బొంబాయి చేరి, రైల్వేలో ఉద్యోగం చేస్తూ హిందూ జింఖానాకు ఆడారు. 1906లో హిందువులు యూరోపియన్లను 109 పరుగుల తేడాతో ఓడించారు. అందులో బాలూతో పాటు తమ్ముడు శివరామ్ చేయి కూడా ఉంది. 1911లో పటియాలా మహారాజు నాయకత్వంలో జట్టు ఇంగ్లండు వెళ్లింది. జట్టు ఎక్కువ మ్యాచ్‌లు ఓడింది గానీ బాలూ ఒక్కరే వందకు పైగా వికెట్లు తీశారు. తిరిగొచ్చాక అంటరాని కులాలవాళ్లు సన్మానం చేశారు. యువకుడైన అంబేద్కర్‌కు ఆయన అభిమాన వీరుడు.

అంత చేసినా కెప్టెన్సీ ఇవ్వలేదు. 1920లో బాలూను తప్పించి మరో బ్రాహ్మణుడికి నాయకత్వం ఇస్తే, తమ్ముళ్లు శివరామ్, విఠల్ నిరసనగా జట్టు నుంచి తప్పుకున్నారు. ఆ ఒత్తిడి వృథా పోలేదు. 1923లో విఠల్ హిందూ జట్టు కెప్టెన్ అయ్యారు.

బాలూ రాజకీయం మనకు మింగుడుపడదు. 1932లో ఎం.సి.రాజాతో కలిసి ప్రత్యేక నియోజకవర్గాలను వ్యతిరేకించారు. 1937 బొంబాయి శాసనసభ ఎన్నికల్లో కాంగ్రెస్ ఆయన్ను అంబేద్కర్ మీదే నిలబెట్టింది. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225. పిడతలో టీ పోసినవాళ్ల మనసు మారుతుందని ఆయన నమ్మారు. అంబేద్కర్ నమ్మలేదు.

1955 జులై 4న బాలూ బొంబాయిలో కన్నుమూశారు.